నాణేనికి మార్కులు

అమెరికాలో సెంటు చాలా చిన్న నాణెం. నూరు సెంట్లయితే ఒక డాలరు. 1943లో రెండవ ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్నది. తూటాలకూ, టెలిఫోను తీగెలకూ రాగి చాలటం లేదు. అందుచేత అమెరికా ప్రభుత్వం ఆ ఒక్క ఏడాదీ సెంటును రాగితో కాక ఉక్కుతో చేయించి, తుప్పు పట్టకుండా పైన జింకు పూత వేయించింది. అటువంటి తెల్ల సెంట్లు 109 కోట్లకు పైగా తయారైనాయి.

అయితే టంకశాలలో చిన్న పొరపాటు ఒకటి జరిగింది. వెనకటి సంవత్సరం మిగిలిపోయిన కంచు బిళ్ళలు కొన్ని తొట్ల సందుల్లో ఇరుక్కుని ఉండి, ఉక్కు బిళ్ళలతోబాటు అచ్చుల కిందికి పోయాయని చెబుతారు. ఆ విధంగా 1943 అని అంకె వేసిన ఎర్ర సెంట్లు ఏ కొద్దో బయటికి వచ్చాయి. డెన్వరు నగరపు టంకశాలలో అచ్చు అయిన ఎర్ర సెంటు అయితే ఒకే ఒక్కటి ఇంతవరకు తెలియవచ్చింది. 2010లో దానిని ఒకరు 17 లక్షల డాలర్లు పోసి కొన్నారు.

ఈ సంగతి తెలిశాక దొంగబుద్ధి కలవాళ్ళు ఊరుకుంటారా? మామూలు ఉక్కు సెంటుకు రాగిపూత వేసినవాళ్ళు కొందరు. 1948వ సంవత్సరపు సెంటును తీసుకుని, 8 అంకెలో ఎడమవైపు గీకేసి, దాన్ని 3గా మార్చినవాళ్ళు మరికొందరు. మొదటి మోసాన్ని పట్టుకోవటానికి గొప్ప చదువేమీ అక్కర్లేదు. సూదంటురాయి దగ్గర పెడితే ఉక్కు టక్కున అంటుకుంటుంది, కంచు అంటుకోదు. తూచినా తెలిసిపోతుంది. ఉక్కు సెంటు బరువు 2.7 గ్రాములు, కంచు సెంటు 3.11 గ్రాములు. రెండో మోసం మటుకు సూదంటురాయికీ దొరకదు, త్రాసుకూ దొరకదు. ఏమంటే, 1948 సెంటు నిజంగా కంచుదే! దాన్ని భూతద్దం కింద పెట్టి అంకె వాలకం చూడాలి. అసలు 1943లో 3 తోక మిగతా అంకెల కంటె కిందికి దిగి ఉంటుంది. 8ని గీకి చేసిన 3కు అంత తోక రాదు.

ఈ తోక సంగతి అందరికీ తెలియదు కదా. కొనేవాడికి తెలియకపోతే అమ్మేవాడు చెప్పినదే నిజం అవుతుంది.

మన దేశంలో పూర్వం ఇటువంటి పని షరాబులు చేసేవాళ్ళు. వెండి రూపాయిని రాతిమీద పడవేసి, అది మోగిన మోతను బట్టి మంచిదో చెడ్డదో చెప్పేవాళ్ళు. కంసాలి గీటురాయి మీద గీసి బంగారం ఎన్ని వన్నెలో చెప్పేవాడు. అయితే షరాబుకూ, కంసాలికీ కావలసింది లోహం. పాత నాణేలు సేకరించేవాడికి లోహం తెలిస్తే చాలదు. ఆ నాణెం ఎంత అరిగింది, ఎన్ని గాట్లు పడ్డాయి, ఎవరైనా తోమారా అన్నది కూడా కావాలి. ఒకే సంవత్సరంలో, ఒకే అచ్చు కింద పుట్టిన రెండు నాణేలలో ఒకటి అంగళ్ళ వెంట యాభై ఏళ్ళు తిరిగి బొమ్మ అరిగిపోతుంది. రెండోది ఎవరి పెట్టెలోనో నిద్రపోయి, పుట్టిననాటి మెరుపుతోనే ఉండిపోతుంది. రెండోదానికి మొదటిదాని కంటె పదింతలు, ఒక్కోసారి వందింతలు విలువ కట్టటం కద్దు.

అక్కడే చిక్కు వచ్చింది. అమెరికాలో చాలాకాలం నాణేల వర్తకుడే ఆ నాణెం ఏ స్థాయిదో చెప్పేవాడు. తండ్రి పోయాక ఒక కుర్రవాడు ఆయన దాచిన నాణేలు అమ్ముకుందామని అంగడికి పట్టుకు పోయాడనుకోండి. వర్తకుడు పెదవి విరిచి, "బాగా అరిగింది, నాయనా!" అని తక్కువకు కొనవచ్చు. మర్నాడు అదే నాణెం అద్దాల బీరువాలో "సరికొత్తది" అనే చీటీతో కూర్చోవచ్చు. వర్తకులందరూ ఇటువంటివాళ్ళే అనటం అన్యాయం. కాని లాభం పొందేవాడి చేతికే మార్కుల పుస్తకం ఇవ్వటం ఏ బడిలోనూ మంచి పద్ధతి కాదు.

మార్కులు వేయటానికి ముందు కొలబద్ద కావాలి. దాన్ని తయారుచేసిన విలియం షెల్డన్ అనే ఆయన వర్తకుడు కాడు, మనస్తత్వ శాస్త్రవేత్త. 1949లో ఆయన అమెరికా తొలినాటి పెద్ద సెంట్లను గురించి ఒక పుస్తకం ప్రకటించి, అందులో 1 మొదలు 70 దాకా అంకెలు పెట్టాడు. అది ఏ నాణెమో పోల్చుకోవటానికి మాత్రం వీలుగా ఉన్న అరిగిన బిళ్ళకు 1. లోపమన్నది కనిపించని దానికి 70.

నూరు కాక డెబ్బై ఏమిటని మీకు అనుమానం రావచ్చు. అందులో శాస్త్రం ఏమీ లేదు, అంగడి లెక్క ఉన్నది. ఆ రోజుల్లో ఆ సెంట్లలో అన్నిటికంటె అరిగినది ఒక డాలరు పలికితే, అన్నిటికంటె మంచిది డెబ్బై డాలర్లు పలకాలని ఆయన లెక్క. కొద్ది ఏళ్ళకే ధరలు మారిపోయి ఆ లెక్క తప్పిపోయింది. అంకెలు మటుకు నిలిచిపోయాయి. 1970ల తరువాత ఇతర నాణేలకు కూడా వాటినే వాడుతున్నారు.

ఈ షెల్డన్‌ను గురించి మరొక మాట చెప్పకుండా ఉండలేను. న్యూయార్కులో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అని నాణేల శాస్త్రానికి ఒక పెద్ద సంస్థ ఉన్నది. పండితుడు గదా అని అక్కడివాళ్ళు ఆయనను తమ సెంట్ల సేకరణను దగ్గరగా పరిశీలించనిచ్చారు. ఆయన 1977లో చనిపోయాడు. ఆ తరువాత సంస్థవాళ్ళు చూసుకుంటే, మంచి నాణేలు పోయి, వాటి స్థానంలో అదే రకానికి చెందిన నాసి నాణేలు ఉన్నాయి! ఒకటీ అరా కాదు, నూటికి పైగా. పాత ఫోటోలతో సరిపోల్చి చూస్తే గుట్టు బయటపడింది. వాటిలో కొన్నిటిని తరువాత కొన్న ఒకాయనకూ సంస్థకూ మధ్య 1990లలో కాలిఫోర్నియా కోర్టులో వ్యాజ్యం కూడా నడిచింది. నాణేల మంచిచెడ్డలు కొలవటానికి లోకానికి కొలబద్ద ఇచ్చినవాడే మంచివి తీసుకుని చెడ్డవి పెట్టి వెళ్ళాడు. అయినా ఆయన అంకెలను ఎవరూ పారవేయలేదు. గజంబద్ద చేసిన వడ్రంగి ఎటువంటివాడైనా, బద్ద సరిగా ఉంటే గుడ్డ కొలవక తప్పదు కదా.

ఇక కొలిచేవాళ్ళ సంగతి. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ అనేది నాణేలు సేకరించేవాళ్ళ సంఘం. 1891లో పుట్టింది. దొంగ నాణేల బెడద ఎక్కువైనందువల్ల 1972లో ఆ సంఘం ఒక కార్యాలయం తెరిచింది. అక్కడికి నాణెం పంపితే అది అసలుదా, నకిలీదా అని చెప్పేవారు. 1979 నుంచి మార్కులు వేయటం కూడా మొదలుపెట్టారు. నాణెంతోబాటు ఫోటో అంటించిన పత్రం ఒకటి ఇచ్చేవాళ్ళు.

మంచి ఏర్పాటే, కాని పత్రం ఒకచోట, నాణెం ఒకచోట. మంచి నాణేనికి వచ్చిన పత్రాన్ని చెడ్డ నాణెం పక్కన పెట్టి అమ్మితే ఎవరు అడ్డగిస్తారు? 1986లో కాలిఫోర్నియాలో డేవిడ్ హాల్ అనే ఆయనా, మరికొందరు వర్తకులూ కలిసి పి.సి.జి.ఎస్. అనే కంపెనీ నడపసాగారు. వాళ్ళు నాణేన్నీ, మార్కుల చీటీనీ ఒకే గాజులాంటి ప్లాస్టిక్ పలకలో పెట్టి మూసివేశారు. పలకను పగలగొడితే తప్ప నాణెం బయటికి రాదు, పగలగొడితే ఆ మార్కు చెల్లదు. మరుసటి ఏడు, అంటే 1987లో, జాన్ ఆల్బనీస్ అనే ఆయన ఎన్.జి.సి. అనే మరో కంపెనీ పెట్టాడు. ఈనాటికీ ఈ పనిలో ఈ రెండిటి పేర్లే ముందు వినబడతాయి. ఆ పలకను వాళ్ళు 'స్లాబు' అంటారు. మనకు స్లాబు అంటే ఇంటి పైకప్పు గనక, పలక అనుకుందాం.

పలకను మూసే పద్ధతి సైన్సు పాఠంలోకి వస్తుంది. జిగురు పెట్టరు, మంట పెట్టరు. మన చెవికి వినిపించనంత వేగంగా కంపించే ధ్వనిని ప్లాస్టిక్ అంచుల మీదికి పంపుతారు. ఆ కంపనానికి రెండు అంచులూ ఒరుసుకుని, వేడెక్కి, క్షణంలో కరిగి అతుక్కుపోతాయి. లోపల నాణేనికి వేడి సోకదు.

నాణెం పరీక్షకు వెళ్ళటం అచ్చంగా పెద్ద పరీక్షల జవాబు పత్రాలు దిద్దటానికి వెళ్ళినట్టే ఉంటుంది. మీ పత్రం మీద మీ పేరు కాక నంబరు ఉంటుంది గదా. ఇక్కడా అంతే. పార్సెలు విప్పినవాళ్ళు నాణేనికి ఒక నంబరు వేస్తారు. ఆ నాణెం ఎవరిదో దిద్దేవాళ్ళకు తెలియదు. పెద్ద కోటీశ్వరుడు పంపినా, బడిపిల్లవాడు పంపినా ఒకటే. పరీక్షకుడు చీకటి గదిలో, ఒకే దీపం కింద, మెత్తని గుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుంటాడు. నాణేన్ని అంచులు పట్టుకుని అటూ ఇటూ వంచి, బొమ్మా బొరుసూ అంచూ చూసి, తన అంకె కంప్యూటరులో వేస్తాడు. రెండవ పరీక్షకుడు మొదటి అంకె చూడకుండా తన అంకె వేస్తాడు. ఇద్దరికీ తేడా వస్తే పైవాడు తీర్పు చెబుతాడు. నకిలీ అని తేలితే మార్కు అసలే ఉండదు.

నకిలీలను పట్టటంలో కొన్ని చిత్రాలున్నాయి. టంకశాలలో నాణెం అచ్చుల దెబ్బతో పుడుతుంది. దొంగవాడు చాలాసార్లు లోహం కరిగించి మూసలో పోస్తాడు. పోసిన లోహంలో గాలి బుడగలు చిక్కుకుని, భూతద్దం కింద సన్నని గుంటలు కనిపిస్తాయి. అమెరికాలో 1916లో డెన్వరులో అచ్చయిన పది సెంట్ల నాణేలు 2,64,000 మాత్రమే. ఆ నాణెం మీద 'డి' అనే చిన్న అక్షరం ఉంటుంది. అదే ఏడు ఫిలడెల్ఫియాలో కోట్ల కొద్దీ అచ్చయ్యాయి, వాటిమీద అక్షరం లేదు. కనక దొంగలు ఎక్కడినుంచో ఒక 'డి' తెచ్చి అంటించేవారు! భూతద్దంలో ఆ అతుకు దొరుకుతుంది. మన నాణేల మీద కూడా ఇటువంటి గుర్తులున్నాయి. సంవత్సరం కింద అయిదు మొనల నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో పుట్టినది. వజ్రం గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది. గుర్తేమీ లేకపోతే కలకత్తాది. మీ జేబులో ఉన్న రూపాయి తీసి చూడండి.

ఇక మార్కుల విషయం. 1 నుంచి 58 దాకా కొద్దో గొప్పో వాడి అరిగినవాటికి. 4 వచ్చిన నాణెం మీద బొమ్మ చుట్టుగీత తప్ప పెద్దగా మిగలదు. 20 లు, 30 లు వచ్చినవాటి మీద జుట్టు, ఆకులు కొంత తెలుస్తాయి. 40 దాటితే చాలా మంచివి. 60 నుంచి 70 దాకా ఉన్న మెట్లు అసలు ఎవరూ వాడని నాణేలకు. వాడనిదైతే అన్నిటికీ 70 ఎందుకు ఇవ్వరు అంటారేమో. నాణేలు అచ్చు నుంచి తొట్టిలో పడేటప్పుడు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. సంచుల్లో దొర్లుతాయి. ఆ గాట్లను లెక్కలోకి తీసుకుంటారు. అయిదు రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూసినా లోపం కనపడనిదే 70.

ఇందులో తమాషా ఒకటున్నది. ఏ పాపం ఎరుగని 58, సంచిలో దెబ్బలు తిన్న 60 కంటె చాలాసార్లు అందంగా ఉంటుంది. అయినా 58ది తక్కువ మెట్టే. దానిమీద ఎవరిదో వేలు ఆనింది మరి!

వేలు ఆనినట్టు ఎలా తెలుస్తుంది? ఈ విద్యకంతా కీలకం ఇదే గనక, కొంచెం నిదానంగా చదవండి.

అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం గట్టిగా ఉండిపోదు. మెత్తని పిండిని అరచేత్తో నొక్కితే అంచులకు పాకినట్టు, లోహం కూడా నడుమ నుంచి అంచులవైపు పాకుతుంది. ఆ పాకిన జాడలు నాణెం ముఖం మీద అతి సన్నని గీతలుగా నిలిచిపోతాయి. కంటికి విడివిడిగా కనపడవు. కాని వెలుతురు వాటిమీద పడి తిరిగి వచ్చేటప్పుడు ఒక మెరుపు పుడుతుంది. కొత్త నాణేన్ని దీపం కింద పట్టుకుని మెల్లగా వంచితే, ఆ మెరుపు బండిచక్రం ఆకుల్లాగా గుండ్రంగా తిరుగుతుంది. మీరు బ్యాంకు నుంచి అప్పుడే వచ్చిన నాణెంతో ఈ రాత్రే చూడవచ్చు. గదిలో ఒక్క దీపమే ఉంచాలి, అంతే.

నాణెం చేతులు మారగానే ముందుగా అరిగేవి ఎత్తయిన చోట్లు. లింకను బొమ్మ ఉన్న సెంటు మీద ఆయన చెక్కిలి ఎముక, దవడ. అక్కడ సన్నగీతలు చెరిగిపోతాయి, తిరిగే మెరుపు అక్కడికి వచ్చేసరికి తెగిపోతుంది. పరీక్షకుడు నాణేన్ని వంచి వంచి చూసేది ఈ తెగిన చోటు కోసమే.

ఇప్పుడు మన వంటింటి సంగతికి వద్దాం. ఇత్తడి బిందె, రాగి చెంబు చింతపండుతో తోమితే తళతళలాడతాయి. అది చూసి తాతగారి రాగి కాసును కూడా చింతపండు పెట్టి తోమి, ఇంకా మెరవాలని బూడిద కూడా వేసి రుద్దే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఏం జరుగుతుందో చూడండి. చింతపండులోని పులుసు, అంటే ఆమ్లం, రాగి మీద ఏళ్ళ తరబడి పట్టిన ముదురు పొరను కరిగించివేస్తుంది. కింద ఉన్న పచ్చి రాగి గులాబి రంగులో బయటపడుతుంది. బూడిదలోని గరుకు ఆ రాగి మీద వేల కొద్దీ గీతలు గీస్తుంది. టంకశాల గీతలు పోయి, బూడిద గీతలు వచ్చాయన్నమాట. చెంబు తోమితే శుభ్రం. కాసు తోమితే దాని జాతకం చెరిగిపోయింది. తిరిగి తెప్పించటం ఎవరివల్లా కాదు. కొత్త నాణెమైనా సరే, ఇలా తోమినదానికి ఆ కంపెనీలు అంకె వేయవు. "అసలుదే, కాని తోమినది" అని చీటీ రాసి పంపేస్తాయి.

వెండి నల్లబడటం కూడా ఇటువంటిదే. గాలిలోని గంధకం వెండితో కలిసి పలచని పొర ఏర్పడుతుంది. పొర మరీ పలచగా ఉన్నప్పుడు నీటిమీద నూనెచుక్క లాగా నీలం, బంగారం, ఊదా రంగులు కనిపిస్తాయి. అమెరికాలో కొందరు అటువంటి రంగుల డాలర్ల కోసం ఎక్కువ డబ్బిస్తారు. మన ఇళ్ళల్లో అయితే ముందు దాన్నే తోమేస్తాం!

వెండి డాలర్ల మాట వచ్చింది గనక చెబుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో రూపాయిలకు వెండి చాలక, నోట్లకు బదులు రూపాయిలు ఇవ్వలేని గడ్డు స్థితి వచ్చింది. 1918లో అమెరికా ఒక చట్టం చేసి, 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. ఆ వెండిలో చాలా భాగం బ్రిటిషువాళ్ళు కొని ఇండియాకు పంపారు, ఇక్కడ అది రూపాయిలైంది. మన తాతముత్తాతలు సంతలో ఖర్చుపెట్టిన రూపాయిల్లో అమెరికా డాలర్ల వెండి కలిసి ఉండవచ్చు. కరిగించినవాళ్ళు ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని పోయాయో లెక్క రాయలేదు. అందుచేత మిగిలినవి ఎన్నో చాలాకాలం అంచనాయే. ఈ కంపెనీలు తమ చేతుల మీదుగా పోయిన ప్రతి నాణేన్నీ సంవత్సరం వారీగా, మార్కు వారీగా లెక్క కట్టి ప్రకటిస్తున్నందువల్ల, ఆ చీకట్లో కొంత వెలుగు వచ్చింది.

ఆ లెక్కలోనూ ఒక కంత ఉన్నది. 64 వచ్చిన నాణేనికి 65 వస్తే కొన్నిసార్లు ధర ఎంతో పెరుగుతుంది. అందుకని కొందరు పలక పగలగొట్టి, అదే నాణేన్ని మళ్ళీ పంపుతారు, మళ్ళీ పంపుతారు. ఎప్పుడో ఒకప్పుడు ఒక మార్కు ఎక్కువ వేసే పరీక్షకుడు తగలకపోతాడా అని ఆశ. ఒకే నాణెం లెక్కలో రెండు మూడు సార్లు ఎక్కుతుంది.

మార్కు మారుతుందా అంటే మారుతుంది. అసలా, నకిలీయా అన్నది లెక్కల పరీక్ష వంటిది. సూదంటురాయి, త్రాసు, భూతద్దం కలిసి ఒక జవాబు చెబుతాయి. 64 కా, 65 కా అన్నది వ్యాసరచన పరీక్ష వంటిది. ఒకే వ్యాసాన్ని ఇద్దరు ఉపాధ్యాయులు దిద్దితే ఒకరు ఏడు, ఒకరు ఎనిమిది వేస్తారు. ఇద్దరూ న్యాయంగానే వేస్తారు. చిక్కల్లా ఏమిటంటే, అమ్మేవాళ్ళు వ్యాసం మార్కును లెక్కల మార్కు అని చెప్పి అమ్మటం. 1990లో అమెరికా ప్రభుత్వానికి చెందిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పి.సి.జి.ఎస్. మీదనే అభియోగం తెచ్చింది. తమ మార్కులు ఎప్పుడూ ఒకేలా, నిష్పక్షపాతంగా ఉంటాయని ప్రకటనల్లో మితిమీరి చెప్పుకుంటున్నారని. రాజీ కుదిరి, ప్రకటనల్లో హెచ్చరిక చేర్చేందుకు కంపెనీ ఒప్పుకున్నది. సుమారు ఆ రోజుల్లోనే కంప్యూటరు చేత మార్కులు వేయించాలని కూడా ప్రయత్నించారు. గాట్లను అది బాగానే లెక్కపెట్టింది గాని, ఆ పద్ధతి నిలవలేదు. నేటికీ మనిషి కన్నే తీర్పు చెబుతున్నది.

ధర మరో విషయం. ఎర్ర సెంటు చెప్పాను చూడండి, 2010లో 17 లక్షల డాలర్లు పలికినది. అదే నాణెం 2021 జనవరిలో వేలానికి వస్తే 8,40,000 డాలర్లకు పోయింది. సెంటు మీద కొత్త గాటు ఏదీ పడలేదు, ధర మాత్రం సగానికి దిగింది. కనక పలక మీది అంకె ధర కాదు.

పలకనే నకలు చేసిన ఘనులు కూడా ఉన్నారు. 2008లో చైనా నుంచి వస్తున్న దొంగ పలకలను గురించి పి.సి.జి.ఎస్. హెచ్చరించింది. చీటీ, అంకె, నంబరు, అంతా అసలు దానిలాగే ఉంటాయి. అందుచేత కొనేవాళ్ళు చీటీ మీది నంబరును కంపెనీ రికార్డుతో సరిచూసి, అక్కడ ఉన్న ఫోటోతో చేతిలో నాణేన్ని పోల్చుకోవాలి. నాణెం దొంగదో కాదో చెప్పటానికి పలక వచ్చింది, పలక దొంగదో కాదో చూడటానికి మళ్ళీ నాణేన్నే చూడవలసి వచ్చింది!

మన దేశపు పాత రూపాయిలకు కూడా ఈ కంపెనీలు మార్కులు వేస్తాయి. అయితే తల్లిదండ్రులు ఒకటి తెలుసుకోవాలి. 1972 నాటి మన పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. సొంత మనుషులు దాన్ని దేశం దాటించటం నేరం, తపాలాలో పంపినా నేరమే. పొలం దున్నుతుంటే ముంతెడు కాసులు దొరికాయనుకోండి. పది రూపాయల విలువకు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతున్నది. ఆ ముంతలోని కాసులు ఏ రాజువో, ఏ కాలంనాటివో పండితులు తెలుసుకునేది అవి విడిపోకుండా ఉన్నప్పుడే.

ఇంకొకటి. ఫలానా బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ మీ ఇంట్లో ఉంటే లక్షలు ఇస్తామని ఫోన్లలో ప్రకటనలు వస్తూ ఉంటాయి. ఆశపడి ఫోను చేస్తే, ముందుగా రిజర్వు బ్యాంకుకు రుసుము కట్టాలి, పన్ను కట్టాలి అని మన దగ్గరే డబ్బు గుంజుతారు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన చేసింది. పాత నాణేల, నోట్ల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, అటువంటి వాటికి తాను ఎన్నడూ రుసుము గాని, కమీషను గాని అడగననీ చెప్పింది. నిజంగా కొనేవాడు నాణెం చూసి డబ్బు ఇస్తాడు, మనల్ని డబ్బు అడగడు.

మామూలు నాణేనికి అమెరికా కంపెనీ మార్కు వేయించటం దండగ. రుసుము, రానూపోనూ ఖర్చు కలిపితే నాణెం విలువను మించిపోతుంది. మీ పెట్టెలో ఉన్న కాసులకు అంతకంటె మీ జాగ్రత్తే మేలు. అంచులు పట్టుకుని తీయండి. చేతి చెమటలోని ఉప్పు రాగి మీద వేలిముద్ర వేసి పోతుంది, అది ఏళ్ళ తరువాత నల్లగా తేలుతుంది. మెత్తగా వంగే చౌక ప్లాస్టిక్ సంచుల్లో దాచకండి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తపరచటానికి కలిపిన పదార్థం మెల్లగా ఊరి, నాణేనికి ఆకుపచ్చని జిగట పట్టిస్తుంది. చిన్న కాగితపు కవరు చాలు, తడి తగలకుండా ఉంటే సరి. కవరు మీద ఆ నాణెం ఎవరిచ్చారో, ఎప్పుడు దొరికిందో రాయండి. రాసిన తరువాతనే నాణెం లోపల పెట్టండి, లోపల ఉండగా రాస్తే కలం మొన నొక్కు దానిమీద పడుతుంది.

మార్కులు వేసే ఆట మీరే ఆడవచ్చు. ఒకే రకం రూపాయి బిళ్ళలు ఏడు తీసుకోండి, వేర్వేరు సంవత్సరాలవి అయితే మరీ మంచిది. ప్రతి దాని కింద ఒక కాగితం ముక్క పెట్టి క, చ, ట, త, ప, య, ర అని గుర్తులు వేయండి. ముగ్గురు స్నేహితులు కావాలి. ఒకరు గదిలో ఉన్నప్పుడు మిగతా ఇద్దరూ బయట ఉండాలి. ఒకే దీపం కింద, అంచులు పట్టుకుని, ఎత్తయిన చోట్లూ, తిరిగే మెరుపూ, గాట్లూ చూసి, అన్నిటికంటె మంచిది మొదలు నాసిది వరకు వరస రాసి కాగితం మడిచి పెట్టాలి. ముగ్గురూ రాశాక కాగితాలు ఒకేసారి విప్పండి. మొదటిదీ చివరిదీ ముగ్గురికీ చాలావరకు కలుస్తాయి. నడుమ ఉన్న మూడు నాలుగింటి దగ్గర వాదన వస్తుంది. అప్పుడు భూతద్దం తెచ్చి, ఎవరు ఏ గాటును చూసి తగ్గించారో ఒకరికొకరు చూపించుకోండి. పోట్లాట తెగకపోతే, ఏ కాగితం ఎవరిదో చెప్పకుండా మీ సైన్సు మాస్టారి దగ్గరికి తీసుకువెళ్ళండి.